త్రోఫిము ఏమయ్యాడు? – సంఘ కాపరులకు, పెద్దలకు ఒక నర్సు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కాపరులకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజంలోని అమ్మగార్లకు ప్రభువు పేరిట వందనాలు.

నేను విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో క్యాన్సర్ వార్డు స్టాఫ్ నర్సుని. జీఎన్‌ఎం నర్సింగ్ కోర్సు పూర్తయి 22 ఏళ్లు. ఆదివారం గుళ్లో వెనక వరసలో ఫ్యాను కింద కూర్చుని, ప్రసంగం మధ్యలో కునికిపాట్లు పడే ఆవిడ మీ అందరి సంఘాల్లోనూ ఒకరుంటారు. ఆవిణ్ణి నేనే అనుకోండి. ప్రసంగం బాగాలేక కాదు, రాత్రి డ్యూటీ దిగి సరాసరి వచ్చాను గనుక.

ఈ ఉత్తరం ఎందుకంటే, ఆమధ్య నేనొక సాక్ష్యం చెప్పబోయి సగంలో ఆగిపోయాను. మిగతా సగం ఇక్కడ చెప్పుకుంటాను. ప్రార్థన చేసినా నయం కానివాళ్ల గురించి, బైబిల్లో త్రోఫిము లాంటివాళ్ల గురించి.

ఆ శనివారం రాత్రి పదమూడో బెడ్ మామ్మ ఎక్స్‌పైర్ అయింది. పొద్దున హ్యాండోవర్ ఇచ్చి, యూనిఫాం మార్చుకుని, రెండో ఆరాధనకు వచ్చాను. "ప్రభువు చేసిన మేళ్లు చెప్పేవాళ్లు లేవండి" అన్నారు అయ్యగారు. ఒక తమ్ముడు వీసా వచ్చిందన్నాడు. ఒక అక్క కిడ్నీలో రాయి పడిపోయిందంది. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ మనస్ఫూర్తిగా కొట్టాను, ఆ రాయి నొప్పి ఎలా ఉంటుందో రోజూ చూస్తాను కదా. తర్వాత ఎందుకో నేనూ లేచాను. మైకు చేతికొచ్చింది. "రాత్రి మా వార్డులో ఒక మామ్మ చనిపోయింది. మూడు వారాలు ఆమె కోసం ప్రార్థన చేశాను. తగ్గలేదు. చాలా బాధపడి పోయింది. నాకు దేవుడి మీద కోపంగా ఉంది. అయినా వచ్చాను" అన్నాను.

ఎవరూ ఆమేన్ అనలేదు. అయ్యగారు మంచివారే, ఆయన మీద ఫిర్యాదుగా రాయడం లేదు. ఒక్క క్షణం తడబడి, "మన సహోదరి విశ్వాసం బలపడేలా ప్రార్థిద్దాం" అని కీబోర్డు కుర్రాడికి సైగ చేశారు. పాట అందుకున్నారు. మైకు నా చేతిలోంచి ఎవరో మెల్లగా తీసుకున్నారు.

అప్పుడు నా విశ్వాసం బలహీనంగా ఏమీ లేదండీ. కోపం వచ్చిన మనిషి ఇంటికి, నిద్రలేని కళ్లతో, రెండు బస్సులు మారి ఎవరైనా వెళ్తారా? ఆ ఇంటాయన తనవాడని గట్టిగా నమ్మితే తప్ప!

ఇప్పుడు ఆ మామ్మ సంగతి చెప్పాలి. ఊరు, పేరు వద్దు. శ్రీకాకుళం తీరం. ఎండుచేపలు అమ్ముకుని బతికిన మనిషి. అడ్డపొగ తాగేది. మా ఉత్తరాంధ్ర బయటివాళ్లకు ఈ మాట తెలియకపోవచ్చు. చుట్ట నిప్పున్న కొసని నోట్లోకి పెట్టుకుని తాగడాన్ని అడ్డపొగ అంటారు. మా సముద్రపు పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లకు ఎక్కువ అలవాటు. గాలికి ఆరిపోదని, చేతిలో పనికి అడ్డం రాదని చెబుతారు. ఆ వేడి సూటిగా అంగిలికి తగులుతుంది. ఏళ్ల తరబడి కాలిన అంగిలికి క్యాన్సర్ వస్తుంది. మామ్మ మా దగ్గరికి వచ్చేసరికే బాగా ఆలస్యమైంది. కరెంటు (రేడియేషన్) పెట్టడం అయిపోయింది, ఫలితం లేదు. పుండు చెంపలోకి తొలుచుకొచ్చింది. వాసన. ఆ వాసన గురించి కాస్త చెప్పనివ్వండి, ఎందుకంటే చూడ్డానికి వచ్చినవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకుంటే ఆమె కళ్లు మూసుకునేది. మేం మెట్రోనిడజోల్ మాత్రలు పొడి చేసి పుండు మీద చల్లి డ్రెస్సింగ్ చేస్తాం, వాసన చాలామటుకు తగ్గుతుంది. ఖరీదైన మందేమీ కాదు. అది వేసిన రోజు ఆమె పక్క బెడ్ వాళ్లతో మాట్లాడేది.

నొప్పికి మార్ఫిన్ (నల్లమందు నుంచి తీసే మందు) మాత్ర, నాలుగు గంటలకొకటి. తెల్లారగట్ల కూడా లేపి వేస్తాం. నొప్పి వచ్చాక ఇస్తే అప్పటికే ఆలస్యం, రాకముందే ఇవ్వాలి. దానితోపాటు విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా, లేకపోతే మలబద్ధకంతో ఇంకో నరకం. ఇలా వారం గడిచేసరికి మామ్మ కూర్చుని గంజి తాగింది, నా జడ బాగోలేదని వెక్కిరించింది.

ఒక మంగళవారం సాయంత్రం ప్రార్థన బృందం వచ్చింది. మన సంఘాల్లాంటి సంఘంవాళ్లే. బాగా ప్రార్థించారు, పాట పాడారు, నూనె రాశారు. అక్కడిదాకా ఇబ్బంది లేదు. వెళ్తూ వెళ్తూ ఒకాయన ఆమె చెవిలో వంగి, "మాత్ర మింగుతూ స్వస్థత అడిగితే అది విశ్వాసం కాదమ్మా" అన్నాడట.

మర్నాడు రాత్రి రెండు గంటలప్పుడు రౌండ్‌కు వెళ్తే మామ్మ ముడుచుకుపోయి, దుప్పటి కొస పళ్ల మధ్య బిగించి ఉంది. చార్టు చూశాను, డోసులన్నీ ఇచ్చినట్టే ఉంది. ఒళ్లు సవరించబోతే చెంగు ముడి చేతికి తగిలింది. విప్పితే నాలుగు మాత్రలు. పదహారు గంటల నొప్పిని చెంగున కట్టుకుని పడుకుంది. "ఇస్వాసం నేదంతారని దాసేసినాను సిస్టరమ్మా" అంది. ఆ మాత్ర గొంతు దిగేదాకా నిలబడి చూడాల్సింది నేను, మా షిఫ్టు వాళ్లు. ఆ పూట వార్డులో ముప్ఫైమంది, ఇద్దరం నర్సులం. అది సాకు కాదు, ఆ నాలుగు మాత్రల్లో నా వాటా నాకు తెలుసు. మీ వాటా కూడా ఉందని చెప్పడానికే ఇదంతా.

తర్వాత పది రోజులు బతికింది. మాత్రలు మళ్లీ మొదలుపెట్టాం. కానీ ఆ చెవిలో పడ్డ మాటను తీసేసే మందు నా ట్రాలీలో లేదు. చివరి రోజుల్లో ఒకటే అడిగేది: "దేవుడు నన్ను ఒగ్గేసినాడేటి సిస్టరమ్మా?"

నేనేం చెప్పానంటారా? ఏమీ చెప్పలేదు. నోరు తడి చేశాను.

మైకు తీసేసుకున్న ఆ ఆదివారం మధ్యాహ్నం నిద్రపట్టక బైబిలు తిరగేస్తుంటే, తిమోతికి రాసిన రెండో పత్రిక చివర్లో మనం ఎప్పుడూ దాటేసిపోయే ముక్క ఒకటి తగిలింది. చలికాలం వస్తోంది, నా అంగీ తెచ్చిపెట్టు, పుస్తకాలు తెచ్చిపెట్టు అని అడుగుతూ, వాళ్లకీ వీళ్లకీ వందనాలు చెబుతూ, పౌలు మధ్యలో రాస్తాడు: త్రోఫిము జబ్బుపడితే మిలేతులో విడిచిపెట్టి వచ్చాను. అంతే, ఒక్క ముక్క. ఎవరీ త్రోఫిము? ఎఫెసువాడు. ఎఫెసు ఏ ఊరు? పౌలు ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తీసుకెళ్లి వేస్తేనే రోగాలు పోయాయని అపొస్తలుల కార్యాల్లో చదువుకునే ఊరు. స్వస్థత కూటాల్లో మీరు చేతిరుమాళ్ల మీద ప్రార్థన చేసేది ఆ భాగం పట్టుకునే. ఆ ఊరివాడే, పౌలుతో కలిసి యెరూషలేము దాకా వెళ్లినవాడే, జబ్బుపడితే లేవలేదు. ఎఫెసు దూరమా అంటే అదీ కాదు, మిలేతు నుంచి కబురు పెడితే ఎఫెసు పెద్దలు వచ్చి పౌలును కలుసుకున్నారు. అంత దగ్గర. పౌలు చేతిగుడ్డ అక్కడా ఉండే ఉంటుంది.

పౌలు కారణం రాయలేదు. పాపమనలేదు, విశ్వాసం చాలలేదనలేదు, దేవుడికి ఇందులో ఒక గొప్ప ఉద్దేశం ఉందనీ అనలేదు. జబ్బుగా ఉన్నాడు, విడిచి వచ్చాను. బాధగా రాశాడో మామూలుగా రాశాడో నాకు తెలీదుగానీ, దాచకుండా రాశాడు. త్రోఫిము తర్వాత ఏమయ్యాడో లేఖనం చెప్పదు. 40 ఏళ్లుగా గుడికి వస్తున్నాను, త్రోఫిము మీద ఒక్క ప్రసంగం వినలేదు. పేతురు అత్త జ్వరం తగ్గడం మీద ఎన్ని విన్నానో!

అయ్యగార్లూ, నేను డ్యూటీ చేసేది మిలేతులో.

ఒక మాట ముందే ఒప్పుకుంటాను. స్వస్థత జరగదని నేను అనడం లేదు. డాక్టర్లు చేతులెత్తేసిన కేసు నడుచుకుంటూ ఇంటికి వెళ్లడం నా కళ్లతో చూశాను, లెక్క తేలలేదు, మోకరించాను. కానీ అలాంటివాళ్లకు మైకు ఉంది. వాళ్ల పక్క బెడ్ మనిషికి లేదు. ఆ మనిషి కోసం ఉపవాసం ఉన్న భార్యకు లేదు. ఆమె ఆదరణ కూడికలో (పోయినవాళ్ల ఇంటివాళ్ల కోసం పెట్టే ప్రార్థనలో) ఒకసారి ఏడిస్తే సరిపెట్టుకోవాలి, మరుసటి ఆదివారానికి "దేవుడు చూసుకుంటాడు" అని నవ్వాలి. నవ్వకపోతే వెనక్కి జారిపోతోందని గుసగుసలు.

కీర్తనల గ్రంథంలో దాదాపు మూడో వంతు విలాపాలే. 88వ కీర్తన తీసి చూడండి, చివరి మాట చీకటే, ఒక్క చిన్న స్తుతి కూడా అంటించలేదు. దాన్ని గ్రంథంలోంచి ఎవరూ కొట్టేయలేదు. గుడ్ ఫ్రైడే రోజు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు పంచుతారు కదా, ఏడుగురు ప్రసంగీకుల్లో నాలుగో మాట ఎవరికి పడుతుందా అని అందరూ కాస్త భయపడతారు. దేవుడు నన్ను ఎందుకు విడిచాడు అన్న మాటకు ముప్ఫై నిమిషాలు ఏం చెప్పాలో తెలీక, మన పాపాల కోసమే అని ఐదు నిమిషాల్లో తేల్చేసి ఆరో మాటలోకి దూకేసిన ప్రసంగాలు విన్నాను. మామ్మ అడిగింది ఆ మాటే. ఆయనే అడిగిన ప్రశ్నను ఆమె అడిగితే విశ్వాసం లేదంటామా?

మందుల సంగతి. హిజ్కియా రాజు మరణకరమైన రోగంలో ఉంటే యెషయా ప్రవక్త వచ్చి, దేవుడు నీకు ఇంకా 15 ఏళ్లు ఇచ్చాడని చెప్పాడు. వాగ్దానం సాక్షాత్తు దేవుడిదే. అయినా ప్రవక్త ఏం చేశాడు? అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. డ్రెస్సింగ్! వాగ్దానం విన్నాక కూడా డ్రెస్సింగ్ చేయించిన ప్రవక్త ఉండగా, నా ట్రాలీ చూసి విశ్వాసం గురించి అనుమానం ఎందుకు?

అసలు మన సంఘాల చరిత్ర మీకు నేను చెప్పాలా? 1883లో అన్నా కుగ్లర్ అనే అమెరికా డాక్టరమ్మ గుంటూరు వచ్చింది. 1898లో అక్కడ ఆసుపత్రి లేచింది. పరదా దాటని ఇళ్లలోని ఆడవాళ్లు ప్రసవాలకు ధైర్యంగా వచ్చిన ఆసుపత్రి అది. ఆమె 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. పిఠాపురం, ఆకివీడు, వుయ్యూరుల్లో కెనడా బాప్టిస్టు మిషను ఆసుపత్రులు. డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు మెథడిస్టులు పెట్టిన ఆసుపత్రి. ఇజబెల్ కెర్ అక్కడ చాల్‌మూగ్ర నూనెతో వైద్యం చేసేది, స్థానిక హిందూ దాత ఒకరు ఉదారంగా డబ్బిచ్చాడు. మన తాతలు సువార్త విన్నది గుళ్లో కంటే ముందు ఆ వరండాల్లో. మా అమ్మమ్మ బాప్తిస్మం కథ ఒక కట్టు కట్టిన చేతితోనే మొదలవుతుంది. ఆ ప్రాంగణాల్లో పుట్టిన సంఘం ఇవాళ మాత్రను చూసి మొహం తిప్పుకుంటే ఏమనుకోవాలి?

ఇంకొకరి గురించీ చెప్తాను, మా వృత్తి మనిషి. సిసిలీ సాండర్స్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లండన్‌లో నర్సు శిక్షణ పొందింది. నడుంనొప్పి వల్ల నర్సు పని వదలాల్సి వచ్చింది (మాలో సగం మందికి అదే గతి). ఆసుపత్రి సామాజిక కార్యకర్త అయింది. క్రీస్తును నమ్ముకుంది. చనిపోతున్న ఒక పోలండు యూదుడి దగ్గర కూర్చుని కబుర్లు చెప్పేది. అతను 1948లో పోతూ ఆమెకు 500 పౌండ్లు రాసి ఇచ్చాడు, నువ్వు కట్టబోయే ఇంట్లో నేనొక కిటికీనవుతానని. చనిపోయేవాళ్ల నొప్పి మీద పని చెయ్యాలంటే డాక్టరు అయితేనే మాట వింటారని, ముప్ఫై దాటాక వైద్యం చదివింది. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చనిపోయేవాళ్లను చూసుకునే ఆసుపత్రి) తెరిచింది. నొప్పి ఒంటిది మాత్రమే కాదు, మనసుది, ఇంటిది, ఆత్మది కూడా కలిసి ఒకే నొప్పి అన్నది ఆమె మాటే. గడియారం చూసి మార్ఫిన్ ఇవ్వడాన్ని లోకానికి నేర్పింది ఆమె. మామ్మకు నేను తెల్లారగట్ల వేసిన మాత్ర వెనక ఒక విశ్వాసి ప్రార్థన ఉందని చెప్పడానికి ఇదంతా చెబుతున్నాను.

మన దేశంలో ఆ మాత్ర దొరకడమే పెద్ద కథ. 1985 మాదకద్రవ్యాల చట్టం వచ్చాక లైసెన్సుల తలనొప్పికి, శిక్షల భయానికి చాలా ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. 2014లో చట్టం సవరించాక కొంచెం తెరిపి. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి తగ్గించడానికే ప్రత్యేక విభాగం ఉంది, అక్కడ నేర్చుకుని వచ్చిన సిస్టర్లు నాకు తెలుసు. మా వార్డులో ఆ మాత్రలు తాళం మీద తాళంలో ఉంటాయి, ప్రతి మాత్రకూ రిజిస్టర్‌లో లెక్క. ఇన్ని తాళాలు దాటి అది మామ్మ చేతిదాకా వచ్చింది. ఆఖరి తాళం ఒక ప్రార్థన మాట వేసింది.

కొందరు మరీ తెలివిగా అంటారు, సిలువ మీద చేదు కలిపిన ద్రాక్షారసం ఇస్తే యేసు తాగలేదు కదా అని. తాగలేదు, నిజమే. తన నొప్పి తాను భరించాడు. ఎదుటివాళ్ల నొప్పి భరించమని ఆయన ఎవరికి చెప్పాడో చూపించండి. ఆయన చెప్పిన ఉపమానంలో సమరయుడు గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోశాడు, కట్టు కట్టాడు, సత్రంలో చేర్చి రెండు దేనారాలు అడ్వాన్సు కూడా కట్టాడు.

పక్క బెడ్ అమ్మ హిందువు. "ఏ జన్మలో ఏ పాపం చేసుకున్నానో సిస్టర్" అని ఏడుస్తుంది. మనవాళ్లు ఆ వాక్యంలోంచి జన్మను తీసేశారు, పాపాన్ని ఉంచుకున్నారు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే, రెండూ కాదన్నాడు ఆయన. ఆ జవాబు వచ్చి రెండు వేల ఏళ్లు కావొస్తున్నా మన దగ్గరకి ఇంకా చేరినట్టు లేదు.

మామ్మ దగ్గరికి ఇంకొకాయన కూడా వచ్చాడు. ఆమె పల్లె సంఘం కాపరి, పెద్ద వయసు, చేతిలో గుడ్డ సంచి. ఆర్టీసీ బస్సులో నాలుగు గంటలు ప్రయాణం చేసి వచ్చాడు. మూతికి గుడ్డ కట్టుకోలేదు. చేతులు కడుక్కోవచ్చా అని అడిగి కడుక్కుని, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. రెండు గంటలు కూర్చున్నాడు. పాట లేదు, ప్రసంగం లేదు. ఆమె పాదాల మీద చెయ్యి వేసి ఉంచాడు. వేట సీజను ఎలా ఉందో, ఎవరి పడవకు కొత్త ఇంజను వచ్చిందో, ఆమె మనవడు బడికి పోతున్నాడో లేదో చెప్పాడు. లేచేముందు పరలోక ప్రార్థన మెల్లగా, పక్క బెడ్‌కి వినపడనంత మెల్లగా చెప్పాడు. మామ్మ పెదాలు కదిలాయి. బయటకొచ్చి నాతో, "ఏం చెప్పాలో తెలీనేదమ్మా, సిగ్గేసింది" అన్నాడు.

యోబు దగ్గరికి వచ్చిన ముగ్గురు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక అంతా పాడైంది, ఆఖరికి దేవుడి కోపం వాళ్ల మీదే. ఆ పల్లె కాపరి ఏడు రోజుల్లో రెండు గంటలు చేసి వెళ్లాడు. ఆయన సిగ్గుపడాల్సింది ఏముంది?

నా సంగతికి వస్తాను. ఇన్నేళ్లు ఎలా తట్టుకున్నావు, ప్రార్థన బలమే కదా అని స్త్రీల సమాజంలో అడుగుతారు. అవును అంటే అబద్ధం కాదు, కానీ మీరనుకునే ప్రార్థన కాదు. స్టూడెంట్‌గా ఉన్నప్పుడు ప్రతి రోగి మంచం దగ్గరా మనసులో పెద్ద పెద్ద ప్రార్థనలు చేసేదాన్ని. వాటిల్లో చాలా వాటికి జవాబు రాలేదు. అవి తగ్గుతూ తగ్గుతూ ఇప్పుడు ఒకటే మిగిలింది: ప్రభువా, కనికరించు. సబ్బుతో చేతులు సరిగ్గా కడుక్కోవడానికి 40 నుంచి 60 సెకన్లు పట్టాలని మాకు నేర్పుతారు. ఆ సింకు దగ్గరే నా ప్రార్థన గది. ఇప్పుడే వదిలి వచ్చిన బెడ్ నంబరు, ఇప్పుడు వెళ్లబోయే బెడ్ నంబరు, కనికరించు. గోళ్లు, వేళ్ల సందులు, మణికట్టు. కుళాయి కట్టేస్తాను.

ఒక్కోరోజు అది కూడా రాదు. ఒకసారి నొప్పితో అరుస్తున్న ఒకతని మీద నేనే అరిచాను. లినెన్ గదిలోకి పోయి తలుపేసుకున్నాను, ఏడుపు రాలేదు, అది ఇంకా భయమేసింది. 2021 మే నెలలో కోవిడ్ వల్ల బంధువులను లోపలికి రానివ్వనప్పుడు, పోయేవాళ్ల చెవి దగ్గర ఫోను పట్టుకుని నిలబడేవాళ్లం. ఒకరింటివాళ్లు 23వ కీర్తన చదివారు, ఒకరింటివాళ్లు విష్ణు సహస్రనామం, ఒకరు కల్మా. గ్లవ్స్‌లో చెమట కారుతుంటే ముగ్గురి ఫోన్లూ ఈ చెయ్యే పట్టుకుంది. ఆ చేతిని ఇప్పటికీ ఎవరికీ చూపించలేదు. మీ దగ్గర చూపించుకోవాలని ఉంటుంది, చోటు కనిపించదు.

మే 12న నర్సుల దినోత్సవం వస్తే మమ్మల్ని ముందుకు పిలిచి శాలువా కప్పి "దేవదూతలు" అంటారు. ప్రేమతోనే అంటారు. అయితే దేవదూతలకు కాళ్లలో నరాలు ఉబ్బవు, కాంట్రాక్టు రెన్యువల్ ఉండదు, మూడు నెలలు జీతం ఆగదు. దేవదూత అని పిలిచాక ఇక ఆ మనిషి ఎలా ఉన్నావమ్మా అని ఎవరూ అడగరు. ఏలీయా బదరీ వృక్షం కింద పడుకుని, చాలు ప్రభువా, నా ప్రాణం తీసెయ్ అన్నాడే, ఆయన దగ్గరికి వచ్చిన నిజమైన దేవదూత ఏం చేశాడు? రొట్టె, నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. నీకు విశ్వాసం లేదా అని అడగలేదు, నిన్నగాక మొన్న కర్మెలు మీద అగ్ని కురిపించావు కదా అని గుర్తు చేయలేదు. అంత పెద్ద ప్రవక్తకు అప్పుడు కావాల్సింది తిండి, నిద్ర. మా బ్యాచ్ అమ్మాయిలు గల్ఫ్‌లోనూ ఇంగ్లండులోనూ పన్నెండు గంటల షిఫ్టులు చేసి, అక్కడి తెలుగు సంఘాల్లో ఇదే అలసటతో వెనక వరసల్లో కూర్చుంటున్నారు. ఫోనులో మాట్లాడుకుంటే దేవుడి గురించి కంటే నిద్ర గురించే ఎక్కువ మాట్లాడుకుంటాం.

అందుకని మిమ్మల్ని అడిగేది పెద్దగా ఏమీ లేదు. నెలకొక ఆదివారం సాక్ష్యాల సమయంలో నయం కానివాళ్లు కూడా నిలబడొచ్చని మీ నోటితో చెప్పండి. వాళ్లు చెప్పాక పాట ఎత్తుకోకండి, కాసేపు అలా ఉండనివ్వండి. ఆ నిశ్శబ్దం మాకు వార్డులో అలవాటే, మీకూ అలవాటవుతుంది. మందు ఆపమనే మాట మీ సంఘంలో ఎవరి నోటివెంట వచ్చినా అది పాపమని ప్రకటించండి, ఈ విషయంలో పాపమన్న మాట వాడటానికి నాకు ఏ సంకోచమూ లేదు. వేదాంత కళాశాలల్లో చదివే కుర్రాళ్లను ప్రసంగ శాస్త్రం మొదలుపెట్టకముందు రెండు వారాలు ఏదైనా క్యాన్సర్ వార్డుకు పంపండి. బైబిలు పట్టుకుని కాదు, బెడ్‌పాన్ పట్టుకుని. ఆ తర్వాత నాలుగో మాట ఎవరికి పడినా భయపడరు.

మీరు వార్డుకు వస్తే సంతోషిస్తాం, నిజంగా. లోపలికి వచ్చేటప్పుడు, వెళ్లేటప్పుడు చేతులు కడుక్కోండి. ముక్కులో గొట్టం ఉన్న మనిషికి ప్రార్థన నూనె తాగించకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఇది ఒకసారి జరిగింది కూడా. పుండు ఉన్న చోట చెయ్యి వెయ్యకండి, పాదాలు ఖాళీగా ఉంటాయి. గొంతు తగ్గించండి, వార్డులో దేవుడు దగ్గరగానే ఉంటాడు. స్టూలు నర్సుల బల్ల పక్కన ఉంటుంది, అడిగితే ఇస్తాం.

ఈ ఆదివారం నాకు మళ్లీ నైట్. పొద్దున ఎనిమిదికి హ్యాండోవర్ అవుతుంది, పదింటి ఆరాధనకు అందుకుంటాను. వెనక వరసే. నిద్రపోతే లేపకండి.

మీ సంఘ సభ్యురాలు,
ఒక స్టాఫ్ నర్సు
విశాఖపట్నం